పఠనవిరాగి

ఇంగ్లీషులో ‘ఎలిటరేట్’ అని ఒక మాటుంది. చదవడం రానివాడు ఇల్లిటరేట్, చదవడం వచ్చి కూడా చదవనివాడు ఎలిటరేట్. పలికేటప్పుడు కాస్త జాగ్రత్త, అవతలివాళ్ళకి ఇల్లిటరేట్ అని వినబడిందంటే గొడవైపోతుంది. 1984లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ పెద్ద డేనియల్ బూర్‌స్టిన్ తమ చట్టసభకిచ్చిన నివేదికలో నిరక్షరాస్యత పక్కనే దీన్నీ పెద్ద ప్రమాదంగా లెక్కేశాడు. ఆ నివేదిక ఎందరు చదివారని మాత్రం అడక్కండి.

మా కోనసీమలో ఇది ప్రమాదం కాదు, హోదా. ఆమధ్య మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మా అమ్మాయి శుభలేఖ పెట్టాను. ముహూర్తం, కల్యాణమండపం, రావులపాలెం నుంచి ఎలా రావాలి, అన్నీ అచ్చులో ఉన్నాయి. నిమిషం తిరక్కుండా మా బావగారు, రెండు ఎమ్మేలు చేసిన మనిషి, ‘శుభాకాంక్షలండీ, ఇంతకీ పెళ్ళెవరిదండీ?’ అని పెట్టారు. ఫోన్ చేసి, కార్డులో ఉంది కదండీ బావగారూ అంటే, ‘ఆయ్, చూశానండి, వినాయకుడి బొమ్మ భలే ఉందండి’ అన్నారు.

అలాగని ఆయన గ్రంథాలయానికి వెళ్ళరనుకునేరు. రోజూ వెళ్తారు. రిజిస్టర్లో పొడుగ్గా సంతకం పెట్టి, ఫ్యాను కింద కుర్చీ చూసుకుని, పేపర్లో వంద కౌంటు రొయ్య, అంటే కిలోకి వంద తూగే రొయ్య, ధర ఒక్కటి చూసి, అదే పేపరు మడిచి దోమల్ని తోలుకుంటారు. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకట రమణయ్యగారు పుట్టిన కొంకుదురు మా గోదావరి గడ్డ మీదిదే కాబట్టి, ఆపాటి గౌరవం ఉండాలి కదా. పైగా ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. డబ్బు కట్టింది చాలక చదవడం కూడా మనమేనా?

అసలు తప్పంతా మాటలోనే ఉంది. అక్షరాస్యుడంటే అక్షరం ఆస్యంలో ఉన్నవాడు. ఆస్యమంటే నోరు. కంటి సంగతి అందులో ఎక్కడా లేదు, ఆ లెక్కన మా బావగారంత అక్షరాస్యుడు ఈ డెల్టాలో దొరకడు. ఎలిటరేట్‌కి తెలుగు కావాలంటే ‘పఠనవిరాగి’ అందాం. కాషాయం ఒక్కటే తక్కువ, వైరాగ్యం నిండుగా ఉంది.

పెళ్ళినాడు ఆ విరాగి పక్క మండపంలోకి వెళ్ళారు. గుమ్మం మీద ఇద్దరి పేర్లూ బంతిపూలతో బారెడేసి అక్షరాల్లో రాసి ఉన్నాయి. లోపల పనసపొట్టు కూర మారు వేయించుకుని, భోజనాలయ్యాక జేబులోంచి 1,116 రూపాయలు తీసి, ఎవరో ముక్కూమొహం తెలియని పిల్లకి పెద్దగొంతుతో చదివించి వచ్చారు.