ఇద్దరిదీ పద్నాలుగే

మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసే యువకుడొకడు ఉన్నాడనుకుందాం. మధ్యాహ్నం మూడు దాటినా మంచం దిగడు, దొరికిందల్లా తింటూనే ఉంటాడు. మలక్‌పేటలో ఒక రిటైర్డ్ గుమాస్తా. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. కంచంలో అన్నం కలిపి అలాగే వదిలేస్తాడు. డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9 చేతికిస్తే ఇద్దరికీ 27కి 14 రావచ్చు. నిద్ర పట్టకపోయినా, అతిగా పట్టినా అందులో గుర్తు పెట్టేది ఒకే గడిలో మరి. ఆకలిదీ అదే తంతు.

బాధ ఎంతో ఆ పద్నాలుగు చెబుతుంది, ఎలాంటిదో చెప్పదు. మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికా వైద్యులు వాడే పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం డిప్రెషన్ అని తేల్చాలంటే తొమ్మిది లక్షణాల్లో అయిదు రెండు వారాలు ఉండాలి. వాటిలో దిగులో నిరాసక్తతో ఒకటి తప్పనిసరి. ఈ షరతు 227 రకాలుగా నెరవేరుతుంది. డిప్రెషన్ చికిత్సపై అమెరికాలో జరిగిన స్టార్-డి అధ్యయనంలోని 3,703 మంది రోగుల వివరాలను ఫ్రీడ్, నెస్సీ అనే పరిశోధకులు 2015లో, లక్షణాలను ఇంకా సన్నగా విడదీసి తరచి చూస్తే 1,030 రకాల కూర్పులు తేలాయి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన కూర్పు కూడా రెండు శాతం మందిలో లేదు.

అందుకే మొత్తం మార్కులు పక్కన పెట్టి, ఏ లక్షణాలు జట్టు కడుతున్నాయో వెతికే ఫ్యాక్టర్ ఎనాలిసిస్ దారి నాకు నచ్చుతుంది. దిగులు, అపరాధభావం ఒక పాయగా, నిద్ర, ఆకలి, నీరసం మరో పాయగా విడిపోవడం తరచూ చూస్తాం. అయితే ఒక పేచీ ఉంది. డిప్రెషన్ తీవ్రతను కొలిచే 1960 నాటి హామిల్టన్ స్కేలులోని 17 ప్రశ్నల్లో మూడు నిద్ర మీదే. మూడుసార్లు నిద్ర గురించే అడిగితే నిద్ర పాయ విడిగా తేలక ఏమవుతుంది? బావిలో ఉన్నదే కదా బొక్కెనలోకి వచ్చేది.

మన బావిలో ఏముంది? బస్తీ దవాఖానా వరుసలో కూర్చున్న గృహిణి డిప్రెషన్ అనే మాటే ఎత్తదు. "ఒళ్లంతా నొప్పులు, గుండె దడ, తల బరువు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు" అంటుంది. ఈ నాలుగింటిలో పీహెచ్‌క్యూ-9 నేరుగా అడిగేది చివరిదాన్నే. మిగిలిన మూడింటికీ ఇంట్లోవాళ్లు మందుల షాపులో గ్యాస్ మాత్ర తెచ్చిస్తారు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే ఉలిక్కిపడే ఊరు కదా, అంతకు మించి కదలరు. కొడుకు విదేశం వెళ్లాక పట్టుకున్న బెంగ, అప్పులవాడి ఫోను మోగినప్పటి గాబరా మనకు రెండు వేర్వేరు మాటలు. తెలుగు ప్రశ్నావళి ఇంగ్లీషు గడులను దించుకోవడంతో సరిపెట్టుకోకుండా, ఈ నొప్పులనూ దడనూ బెంగనూ అడిగి, ఆ జవాబుల్లో ఏది దేనితో జత కడుతుందో లెక్క చూడాలి. ఈలోగా నిద్ర గడిని రెండుగా చీల్చినా చాలు, మాదాపూర్ యువకుడూ మలక్‌పేట గుమాస్తా డాక్టరు కంటికి విడివిడిగా కనిపిస్తారు.