గేటుకు అటూ ఇటూ

ఇంటర్వెల్ గంట కొట్టగానే బడి గేటు ఊచల మధ్య నుంచి ఓ చిన్న చెయ్యి బయటికొస్తుంది. ఐదు రూపాయల బిళ్ల ఇచ్చి, రంగుల చిరుతిండి ప్యాకెట్ అందుకుని లోపలికి పోతుంది. ఎదురు కొట్టు చూరుకు తోరణంలా వేలాడే ఆ ప్యాకెట్ల సరం మధ్యాహ్నానికి సగమైపోతుంది. కాసేపటికి భోజనం పళ్లెం ముందు కూర్చున్న ఆ పిల్లవాడికి ఆకలుండదు. గుడ్డు తిని, పప్పన్నం కుళాయి దగ్గర పారబోసి వస్తాడు. పిల్లలు తినడం లేదు, మెనూ మార్చాలంటూ అధికారులు సమీక్షలు పెట్టుకుంటారు. గేటు అవతలి కొట్టు మాట మాత్రం ఎవరి నోటా రాదు.

గేటు లోపల జరిగిన పని తక్కువేం కాదు. బడిలో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003లో ఉమ్మడి రాష్ట్రంలో బడి పొయ్యి వెలిగింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఐదు గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మూడు రోజులు రాగిజావ చేరాయి. 2024లో అక్కడి మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమ లంకల్లో వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ విస్తరి వేసిన తల్లి ఆమె. ఆ పేరుకు తగ్గట్టు పప్పు కూడా చిక్కగా ఉంటే ఇంకా సంతోషం. నెలల తరబడి బిల్లులు రాక, కిరాణా కొట్లో అప్పు పెట్టి వండుతున్న మహిళలను పప్పు పలచనైందేమని నిలదీయడానికి మనసొప్పదు.

మరి గేటు బయట? చట్టం అక్కడా ఉంది. కొవ్వు, చక్కెర, ఉప్పు మోతాదు మించిన తినుబండారాలను బడి ఆవరణలోగానీ, గేటుకు 50 మీటర్ల లోపుగానీ అమ్మరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది. వాటి ప్రచారమూ కూడదంది. ఆచరణలో చూస్తే, కొన్నిచోట్ల కొట్టు పేరు రాసిన బోర్డే శీతల పానీయాల కంపెనీ కానుక! పావు లీటరు కోలాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజంతా కలిపి చక్కెర 25 గ్రాములు దాటొద్దన్నది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సలహా. అంటే ఒక్క సీసాతో ఆ రోజు కోటా చెల్లు.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. పొద్దున్నే కూలికి పోయే తల్లి వండే వేళ లేక చేతిలో పది రూపాయలు పెడుతుంది. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లకు మధ్యాహ్నం దాకా ఆ ప్యాకెట్టే గతి. అందుకే తమిళనాడు 2022 సెప్టెంబరులో బడిలో ఉదయం అల్పాహారం మొదలుపెట్టి, మరుసటి ఏడాదికల్లా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికీ చేర్చింది. 2023 అక్టోబరులో తెలంగాణలో మొదలైన అల్పాహారం ఎన్నికల హడావుడిలో అన్ని బళ్లకూ చేరనేలేదు. ఏపీలో రాగిజావ వారంలో సగం రోజులే. ఉదయం పూట కడుపు నింపకుండా చిరుతిళ్లపై ఎన్ని పాఠాలు చెప్పినా పిల్లలకు ఎక్కవు. వేలకు వేలు ఫీజులు గుంజే ప్రైవేటు బళ్ల సంగతి వేరు. అక్కడ ఆ ప్యాకెట్లు క్యాంటీన్‌లోనే, బడి యాజమాన్యం కళ్లెదుటే అమ్ముడుపోతుంటాయి. తనిఖీలు అక్కడి నుంచే మొదలుపెడితే మేలు.

తనిఖీ అనగానే మనవాళ్లకు ముందు కనిపించేది బండి. ఉప్పూకారం అద్దిన జామకాయ, రేగుపళ్లు, ఉడికించిన వేరుశనక్కాయలు అమ్ముకునే ముసలమ్మ గంపను ఎత్తించి, నిబంధన అమలైందని రాసుకోవడం తేలిక. ఆ గంప మీద ఈగలు వాలకుండా ఓ జాలీ మూత, చేతులు కడుక్కోవడానికి నీళ్లు సమకూర్చి ఆమెను గేటు పక్కనే కూర్చోనివ్వాలి. బళ్లు తెరిచే జూన్ 12లోగా పురపాలక, పంచాయతీ సిబ్బంది టేపు పట్టుకుని 50 మీటర్లు కొలిచి గీత గీయాలి. చూరుకు వేలాడే ఆ సరాలు గీత అవతలికి పోవాలి.