మొదటి ప్రతికి మార్కులు వద్దు

కొత్తగా రాసే టీనేజీ పిల్లలకు ముందు కథా నిర్మాణం, అంటే ఎత్తుగడ, సంఘర్షణ, ముగింపు నేర్పాలని నేను చదివిన ఒక వ్యాసంలో అన్నారు. నా పేచీ ఆ వరుసతోనే. 14 ఏళ్ల పిల్లలకు ముందు కావలసింది తమ మాట కాగితం మీదికి వస్తుందన్న నమ్మకం.

ఈ వయసు వాళ్లతో కొన్నేళ్లుగా రాయిస్తున్నాను. 10 నిమిషాలు పెన్ను ఆపకూడదు, కొట్టివేతలు వద్దు, ఎవరికీ చూపించక్కర్లేదు. మొదటి వారాల్లో ఇంతే. ‘స్నేహం గురించి రాయండి’ అంటే పరీక్ష వ్యాసం భాషే వస్తుంది. ‘ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఒక మాట, అప్పుడు మీరున్న చోటు, అక్కడ వినిపించిన చప్పుడు’ అంటే గదంతా నిశ్శబ్దమైపోతుంది. ఒకమ్మాయి ‘అమ్మ బాధపడింది’ అని రాసింది. నీకెలా తెలిసిందమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి, ‘అమ్మ కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది’ అని మార్చింది. ఎంత సంతోషమేసిందో!

అక్షరదోషాలు రెండో ప్రతిలో దిద్దుదాం. మొదటి ప్రతికి మాత్రం దయచేసి మార్కులు వేయకండి. ఏ వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివానో చెబుతాను, ఎక్కడ అర్థం కాలేదో అడుగుతాను. ‘కథ మధ్యలో ఆగిపోయింది, ఇప్పుడేం చేయాలి?’ అని వాళ్లే వచ్చి అడిగిన రోజున నిర్మాణం గురించి మాట్లాడుకుంటాం.