కిటికీలో సముద్రం, కంచంలో చెరువు

ముందే చెప్పేస్తా, నేను తిరుపతిలో మెస్సు నడుపుతా. ఇరవై రెండేళ్ళయింది. పన్నెండు బల్లలు, ఇద్దరు వంటమాస్టర్లు, మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం 180 రూపాయలు. ఇది చదివి 'వీడికి పెద్ద హోటళ్ళంటే కుళ్ళు' అనుకునేవాళ్ళు అనుకోండి. కొంచెం ఉందేమో కూడా.

మా పెళ్ళయి ఇరవై ఏళ్ళు నిండింది. "ఇరవై ఏళ్ళలో నువ్వు నన్ను తిప్పింది కాణిపాకం దాకా" అని మా ఆవిడ నెల ముందు నుంచే మొదలుపెట్టింది. సరే, ఈసారి సముద్రం చూపిస్తానన్నా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చి మనకూ ఒక సముద్రం దక్కింది గానీ, అక్కడ రాకెట్లు ఎగరేస్తారు, మనకి రూములియ్యరు. అందుకని చెన్నై దాటినాక మహాబలిపురం పోయే ఈసీఆర్ రోడ్డు మీద, సముద్రాన్ని ఆనుకునే ఉన్న ఒక పెద్ద హోటల్లో ఒక రాత్రికి రెండు గదులు బుక్ చేసినా. గది 11,500. దాని మీద జీఎస్టీ 18 శాతం. రెండూ కలిపి 27,140. హోటల్ పేరు రాయను. రాస్తే అందరూ ఆ ఒక్క హోటల్ని తిట్టి పోతారు, మిగతావాళ్ళు హాయిగా ఉంటారు.

మే నెల ఎండలో పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా నాలుగున్నర గంటలు. వెనక సీట్లో అమ్మ, మా చిన్నోడు. అమ్మకి డెబ్బై మూడు. పుట్టింది చిత్తూరు పక్కన పల్లెలో, చెరువు కట్ట కింద ఇల్లు. ఎండాకాలం చెరువు ఎండితే ఊరంతా దిగి చేపలు పట్టిన కాలం ఆమెది. అందుకే చేప గురించి ఆమె దగ్గర అబద్ధాలు నడవవు.

రూము సంగతి రెండు ముక్కల్లో చెప్తా. మంచం బ్రహ్మాండం. బాత్రూము మా మెస్సు వంటింటికన్నా పెద్దది. 'సీ వ్యూ' అన్నారు, బాల్కనీలో నిలబడి మెడ ఎడమకి తిప్పితే రెండు కొబ్బరిచెట్ల సందులో కనబడింది, అది చాలు. పనిచేసే పిల్లోళ్ళు అమ్మని చెయ్యి పట్టుకుని మెట్లు దించినారు. వాళ్ళకి దండం. నా గొడవంతా తిండితోనే.

రాత్రి ఎనిమిదికి సముద్రానికి ఎదురుగా బల్ల వేసినారు. గాలి ఎంత బాగుందంటే మా ఆవిడ నవ్వింది. మెనూ కార్డు మందంగా పెళ్ళి ఆల్బమ్ లాగా ఉంది. అందులో 'క్యాచ్ ఆఫ్ ది డే' అని ఒకటి, 1,450. ఈపూట వలలో పడిన చేప అని కదా అర్థం. స్టీవార్డుని అడిగినా, "ఈరోజు ఏం చేప బాబూ?" అని.

"వైట్ ఫిష్ సార్."

"దానికొక పేరుంటుంది కదా? వంజరమా, సంకరా, చందువా?"

షెఫ్‌ని అడిగి చెప్తానని లోపలికి పోయినాడు. వచ్చి, "సీజన్‌ని బట్టి మారుతుంది సార్" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నా మెస్సులో ఏ సప్లయరైనా గిరాకీకి ఈ జవాబు చెప్పింటే బల్ల మీది పులుసు వాడి నెత్తిన ఉండేది.

చేప వచ్చింది. స్కేలు పెట్టి కోసినట్టు చదరంగా ఒక తెల్లటి ముక్క, కింద పచ్చ రంగు చట్నీ లాంటిది పూసి, పక్కన నిమ్మకాయ చెక్క. అమ్మ ఫోర్కు పక్కన పెట్టి వేళ్ళతో విరిచింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఏమిరా, దీనికి ముల్లు లేదు."

"తీసేసింటారు లేమ్మా."

"తోలు?"

"అదీ తీసేసింటారు."

"వాసన గూడా తీసేసినారా?"

నేనొక ముక్క నోట్లో వేసుకున్నా. ఈ వ్యాపారంలో ఉన్నోడికి ఒక్క ముక్క చాలు. బాసా. తెలియనోళ్ళకి చెప్తా, బాసా అంటే వియత్నాంలో మెకాంగ్ నది చేప. మన జెల్లల తరహా. మంచినీళ్ళలో, చెరువుల్లో పెంచుతారు. దాని దాయాదినే మన కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లోనూ పెంచుతున్నారు, మార్కెట్లో పంగస్ అంటారు. చేపలో తప్పేమీ లేదు, అగ్గువ, మెత్తన, బీదోడికి మంచి తిండి. అయితే అది పుట్టి బుద్ధెరిగి సముద్రం మొహం చూడని చేప. దాన్ని తెచ్చి సముద్రం ముందర కూర్చోబెట్టి 'ఈరోజు పట్టింది' అని 1,450కి పెట్టినారు.

ఇంకా ఉంది. 'ఈస్ట్ కోస్ట్ ప్రాన్స్', ఆరు రొయ్యలు 1,650. ఆ రొయ్యతో నాకు రోజూ పరిచయమే, వనామీ. అమెరికా ఖండాలకి పడమట, పసిఫిక్ సముద్రంలో ఉండే రకం. 2009లో మన ప్రభుత్వం పెంచుకోనిచ్చింది, ఇప్పుడు నెల్లూరు గుంటల్లో, గోదావరి గుంటల్లో ఎటు చూసినా అదే. నేనూ అదే కొంటా. నేను దాన్ని రొయ్యలు అని అమ్ముతా, తీరం పేరు పెట్టను. ఇంక సాల్మన్ ఉంది, నార్వేదంట, ధర చూసి పేజీ తిప్పేసినా. అంటే ఆ బల్ల మీదకి చెరువు వచ్చింది, గుంట వచ్చింది, కావాలంటే నార్వే నుంచి విమానం కూడా వస్తుంది. ఎదురుగా ఉన్న సముద్రం నుంచి వచ్చింది గాలి ఒక్కటే.

ఎందుకిట్లా చేస్తారో నాకు తెలుసు. నేను పక్క వీధి వ్యాపారినే కదా. ముల్లు గొంతులో ఇరుక్కుంటే గెస్టు గొడవ చేస్తాడు. ముల్లు లేకపోతే గొడవ లేదు. వాసన లేకపోతే పక్క బల్ల మీది శాకాహారికి ఇబ్బంది లేదు. ఐసుగడ్డ లాంటి పెట్టెలో ముక్కలన్నీ ఒకే తూకంలో వస్తాయి, జనవరిలో ఎట్లనో ఆగస్టులో అట్లే. పైగా సరుకు కొనేవాడు యాడో సిటీలో ఆఫీసులో కూర్చోనుంటాడు, వాడికి బిల్లు కావాలి. పడవ దగ్గర బుట్ట పెట్టుకున్న అక్క బిల్లు యాడినుంచి తెస్తాది? ఇదంతా ఒప్పుకుంటా. మరి ఆ లెక్కన మదనపల్లిలో కట్టుకోవచ్చు కదా హోటల్! చల్లగా ఉంటుంది, స్థలం చవక.

నా మెస్సుకి సముద్రం చేప చెన్నైలోని కాశిమేడు చేపల రేవు నుంచి వస్తుంది. రాత్రి ఐసులో వేసి వ్యానెక్కిస్తే తెల్లారి నాలుగుకి నా షట్టర్ ముందర ఉంటుంది. దాదాపు నూటయాభై కిలోమీటర్లు. కొండ కింద కూర్చున్న నేను సముద్రం చేప పెడతాండా, అల తగిలే చోట కూర్చున్నోడు చెరువు చేప పెడతాండాడు.

(దేవుడి ఊళ్ళో చేపల మెస్సేంది సామీ అని అడగబోయేవాళ్ళకి: నిషేధం కొండ మీద. నా మెస్సు కింద ఊళ్ళో ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే చెప్తున్నా.)

మా మాటలు విని ఆ స్టీవార్డు పిల్లోడు నీళ్ళు పోసే వంకతో దగ్గరికొచ్చినాడు. "తిరుపతి నుంచా అన్నా?" అంతసేపూ ఇంగ్లీషులో సార్ అన్నోడు తెలుగులోకి దిగేసరికి అన్నా అన్నాడు. పులికాట్ పక్క పల్లె, బెస్తోళ్ళ పిల్లోడు. ఏ పల్లె అని రాస్తే ఉద్యోగం పోతుంది, వదిలేయండి.

"మీ నాయన పడవేస్తాడా?"

"వేస్తాడన్నా."

"మరి ఇది చేపేనా?"

నవ్వి తల దించుకున్నాడు. "ఇప్పుడు బ్యాన్ కదన్నా, ఎవరైనా అడిగితే అది చెప్పమన్నారు."

బ్యాన్ నిజమే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, పెద్ద మరపడవలు సముద్రంలోకి పోకూడదు. చేప గుడ్లు పెట్టే కాలం. తమిళనాడులో చిన్న పడవలోళ్ళకి ఆ నిషేధం లేదు, వాళ్ళు పోతానే ఉంటారు. చేప తగ్గుతుంది, రేటు పెరుగుతుంది, అంతే. ఆ రెండు నెలలు నేను మెస్సు బయట బోర్డు మీద సుద్దముక్కతో రాస్తా, 'ఈరోజు సముద్రం చేప లేదు, చెరువు చేప కట్ల' అని. కొందరు చదివి వెనక్కి పోతారు. పోనీ. పెళ్ళి ఆల్బమంత మెనూ ఉన్నోళ్ళకి ఆ ఒక్క ముక్క రాయడానికి చోటు లేదా?

బిల్లు చూడండి ఇప్పుడు. తిండి 6,400. ఇందులో అమ్మ పెరుగన్నం 550, రెండు నీళ్ళ సీసాలు 360. నీళ్ళ మీద నేను నోరెత్తలేదు, హోటల్లో సీసా మీది ధరకన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది. దాని కింద సర్వీస్ చార్జీ పది శాతం, 640. ఆ రెండింటినీ కలిపి దాని మీద జీఎస్టీ 18 శాతం. నా మెస్సులో జీఎస్టీ 5. గది అద్దె 7,500 దాటిన హోటల్లో ఇడ్లీ తిన్నా 18. మొత్తం 8,307 రూపాయల 20 పైసలు.

జీఎస్టీ ప్రభుత్వానిది, కట్టాల్సిందే. సర్వీస్ చార్జీ మాత్రం అడగకుండా బిల్లులో వేయకూడదని 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. హోటళ్ళోళ్ళు కోర్టుకి పోతే 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు కూడా అదే మాట మీద నిలబడింది. మేనేజరుకి ఈ రెండు తేదీలూ చెప్పినా. మొదట 'హోటల్ పాలసీ సార్' అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, మీ పాలసీ వాళ్ళకి చెప్పండి అన్నా. అయిదు నిమిషాల్లో 7,552 బిల్లు వచ్చింది. 755 రూపాయలు, నా మెస్సులో నాలుగు చేపల భోజనాలు. మిగిలినదాంట్లోంచి అయిదు నూర్లు ఆ పిల్లోడి చేతిలో పెట్టినా. మా ఆవిడ మాత్రం "పెళ్ళిరోజు నాడు గూడా నీకు బిల్లు గొడవేనా" అని పొద్దున దాకా మాట్లాడలేదు. ఆమె దాంట్లోనూ న్యాయం ఉంది.

అంతా హోటలోళ్ళ తప్పేనా అంటే, కాదు. మన నోరు గూడా అట్లే తయారైంది. నా మెస్సులో సాయంత్రం వచ్చే కుర్రోళ్ళు మొదట అడిగేది "అన్నా, బోన్‌లెస్ ఉందా?" అని. నేనూ రెండేళ్ళు అపోలో ఫిష్‌కి బాసా వాడినా, దాచను. బాగా పోయింది కూడా. అడిగినోడికి బాసా అనే చెప్పినా గానీ, అడగనోడికి చెప్పలేదు. అది గుర్తొచ్చే ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదేమో.

పొద్దున అయిదున్నరకి అమ్మా నేనూ ఇసుకలో నడుస్తా పోయినాం. 'ప్రైవేట్ బీచ్' అని బోర్డు పెట్టినారు. అల వచ్చి పోయే ఇసుక ఏ హోటల్ సొత్తూ కాదు, బోర్డు పెడితే మాత్రం అవుతుందా? బోర్డు దాటి అరకిలోమీటరు పోతే కుప్పం. మనకి కుప్పం అంటే చంద్రబాబు నియోజకవర్గం గానీ, అరవంలో బెస్తపల్లెని కుప్పం అంటారు. మూడు ఫైబర్ పడవలు అప్పుడే ఒడ్డుకి లాగినారు. వలలో నుంచి ఒకాయన చేపలు విడిపిస్తున్నాడు, ఒక్కొక్కటీ చొక్కా గుండీ విప్పినంత జాగ్రత్తగా. నెత్తళ్ళు, నాలుగు ఎండ్రకాయలు, ఒక బుట్టలో సంకరలు. ఎర్రగా, కళ్ళు గాజుగోళీల్లాగా తళతళా. అమ్మ వంగి చెవుల రెక్క ఎత్తి చూసింది. లోపల నెత్తురు రంగు. "ఇదీ చేప" అంది. కిలో 450 చెప్పింది ఆ అక్క. రెండున్నర కిలోలకి 1,100 తీసుకుంది. హోటల్లో ఒక్క ముక్క 1,450.

ఎంత చార్జీ అయినా సరే వండి పెట్టమని హోటల్లో అడిగినా. బయటి సరుకు వంటింట్లోకి రానియ్యరంట. సరే, వాళ్ళ భయం వాళ్ళది. నా మెస్సుకి ఎవరైనా చేప తెస్తే నేను వండించి పెడతా, చాలాసార్లు పెట్టినా. ఆ పిల్లోడే యాడినుంచో థర్మకోల్ పెట్టె తెచ్చి, ఐసు నింపి, కారు డిక్కీలో పెట్టినాడు. ఉదయం టిఫిన్‌లో ఇడ్లీ సాంబారు మాత్రం నిజంగా బాగుంది, అది చెప్పకపోతే పాపం.

మధ్యాహ్నం మూడుకి తిరుపతి చేరినాం. అమ్మ బట్టలు గూడా మార్చుకోకుండా సట్టి పొయ్యి మీద పెట్టింది. చెనక్కాయ నూనె, మెంతులు, చింతపండు, దించేముందు పచ్చి మామిడికాయ ముక్కలు. వాసనకి పక్కింటోళ్ళు కిటికీ తెరిచినారు. మా ఆవిడ అప్పుడు మాట్లాడింది, "ఇంకొంచెం ఉప్పు పడాల" అని. చిన్నోడు అంతవరకూ ముల్లున్న చేప తిననన్నోడు, నాయనమ్మ పక్కన కూర్చోని, ఒక్కో ముల్లూ నోట్లోంచి తీసి కంచం అంచున వరసగా పెట్టి లెక్కపెడతాండాడు. పద్నాలుగు దాకా విన్నా. ఆ తర్వాత నాకు ఇంకో ముద్ద సంగటి వేసినారు.