ప్రతిభావంతులు సకాలంలో హాజరు కావలెను

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని పెద్దలన్నారు. ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి వారికి తట్టలేదు. ఆ లోటును మన వ్యవస్థ పూరించింది.

కేంద్రం నడిపే నవోదయ వసతి బడుల్లో ఆరో తరగతి ప్రవేశ పరీక్షనే తీసుకోండి. రెండు గంటలు, 80 ప్రశ్నలు. అందులో సగం బొమ్మల ప్రశ్నలు. చదువుతో సంబంధం లేని సహజమైన తెలివిని కొలవడానికట. ఆ సహజమైన తెలివిని నెలవారీ ఫీజుకు నేర్పే శిక్షణ కేంద్రాలు వెంటనే వెలిశాయి. ఫీజు కట్టిన ఇళ్లలోనే మేధావులు ఎక్కువగా పుడుతున్నారంటే దానికి వ్యవస్థ ఏం చేస్తుంది?

పరీక్ష సాధారణంగా శీతాకాలంలో వస్తుంది. సరిగ్గా అప్పుడే కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెలు ఇళ్లకు తాళాలు వేసి సుగ్గికి, అంటే వలస కూలికి, బయలుదేరతాయి. గుంటూరు వైపు పత్తి తీయాలి, మిరప కోయాలి. పిల్లలూ వెంట వెళతారు. ఎన్ని బస్తాలకు ఎంత కూలి రావాలో, మేస్త్రీ ఎంత మింగాడో నోటిలెక్కతో చెప్పే పదేళ్ల పిల్ల ఆ రోజు పరీక్ష గదిలో ఉండదు. రానివారికి ప్రతిభ లేదని తేల్చడం ఎంత సులువు! దిద్దే పని కూడా తగ్గుతుంది.

ఇక ఉపాధ్యాయుల అంచనా ఉండనే ఉంది. ఇంట్లో కన్నడం మాట్లాడే హొళగుంద పిల్లవాడు తెలుగు ప్రశ్న ముందు కాసేపు ఆగితే మందమతి. కర్నూలులో అధికారి కొడుకు ఆగితే లోతుగా ఆలోచిస్తున్నట్టు.

అమెరికాలోని ఫ్లోరిడాలో బ్రోవార్డ్ కౌంటీ వారు 2005లో ఒక దుస్సాహసం చేశారు. ప్రతిభావంతుల ఎంపికకు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సిఫారసుల కోసం ఎదురుచూడకుండా రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టారు. పేద, నల్లజాతి, హిస్పానిక్ పిల్లల్లో అంతవరకూ ఎవరి కంటా పడని ప్రతిభావంతులు బయటపడ్డారు. అదృష్టవశాత్తూ నిధులు కరిగిపోయి 2010లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు. పాత అంతరాలు క్షేమంగా తిరిగొచ్చాయి.

మనకు అలాంటి ప్రమాదం లేదనుకుంటాను. అయితే తుగ్గలి, జొన్నగిరి చేలు చూస్తే కొంచెం భయమేస్తుంది. తొలకరి పడగానే జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి నేలకు కళ్లప్పగించి వజ్రాలు వెతుకుతారు. ఏ రాయినీ ఆదాయ ధ్రువపత్రం అడగరు, ఏ గట్టు రాయివని ఆరా తీయరు, ప్రతి పెళ్లనూ తిప్పి చూస్తారు. ఇంత అశాస్త్రీయమైన పద్ధతి బడుల్లోకి పాకితే ఇన్ని దరఖాస్తు ఫారాలు ఏమైపోవాలి?

కాబట్టి ఉన్న పద్ధతినే కొనసాగించాలని, పరీక్ష తేదీలను ససేమిరా కదపవద్దని మనవి. సుగ్గి పిల్లల గురించి మరీ గోల చేస్తే, గుంటూరు మిరప ఇకమీదట వేసవి సెలవుల్లోనే పండాలని ఒక ఉత్తర్వు జారీ చేస్తే సరి. నకలు పత్తికి కూడా పంపాలి.