బ్యాడ్‌ఫింగర్‌ను ముంచింది పోలీ ఒక్కడేనా?

తిరుపతిలో గిటార్ పట్టిన కుర్రాళ్లకు బ్యాడ్‌ఫింగర్ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. వేల్స్‌లోని స్వాన్సీలో మొదలైన రాక్ బ్యాండ్, 1968లో బీటిల్స్ సొంత రికార్డు కంపెనీ యాపిల్‌లో చేరడం, పాల్ మెకార్ట్నీ పాట రాసిచ్చి మరీ నిలబెట్టడం, వరస హిట్లు, ఆ తర్వాత స్టాన్ పోలీ అనే అమెరికన్ మేనేజర్ చేతిలో పడి నాశనమైపోవడం. యూట్యూబ్‌లో ఈ కథ చెప్పేవాళ్లంతా ఒకే చోట ఆపుతారు: పాపం అమాయకులు, దొంగ మేనేజర్. పోలీ దొంగే, అందులో రెండో మాట లేదు. కానీ తాళాలు అతని చేతికి ఇచ్చింది డబ్బు చెల్లించే పెద్ద కంపెనీలు. వాళ్లను మాత్రం ఎవరూ గట్టిగా నిలదీయరు.

పోలీ మొదట చేసింది బ్యాండ్ పేరు మీద ఒక కంపెనీ పెట్టడం. పాటల డబ్బు, కచేరీల డబ్బు అన్నీ అందులోకి పోతాయి, నలుగురికీ అందులోంచి జీతం వస్తుంది. అంటే పాట వాళ్లది, పేరు వాళ్లది, వాళ్లేమో సొంత కంపెనీలో జీతగాళ్లు. 1970 డిసెంబర్ మొదలు దాదాపు ఏడాదికి పోలీ తరఫున వేసిన లెక్క చూడండి. మేనేజర్ కమిషన్ 75,744 డాలర్లు. నలుగురి జీతాలూ అడ్వాన్సులూ అన్నీ కలిపితే 27,370. అందరికంటే తక్కువ ముట్టింది పీట్ హామ్‌కి, 5,959. హిట్లు ఎక్కువ రాసింది అతనే! పోలీకి ముందు బిల్ కాలిన్స్ అని ఒకాయన మేనేజర్‌గా ఉండేవాడు. ఆయనతో ఒప్పందం సూటిగా ఉండేది, ఆయనకూ నలుగురికీ సమాన వాటాలు.

తర్వాత వార్నర్ అనే అమెరికన్ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరింది. అడ్వాన్సులో కొంత విడిగా ఒక ఖాతాలో భద్రంగా ఉంచాలన్నది షరతు. అందులో ఉండాల్సిన లక్ష డాలర్లు కనబడలేదు. 1974 చివర్లో వార్నర్ కోర్టుకెక్కింది, అప్పుడే విడుదలైన ఆల్బమ్‌ను కొన్ని వారాలకే దుకాణాల నుంచి వెనక్కి తెప్పించింది. పోలీతో పాటు బ్యాండ్ మీద కూడా కేసు! సొమ్ము పోగొట్టుకున్నవాళ్లే ముద్దాయిలు. వసంతానికి జీతాలు కూడా ఆగిపోయాయి. 1975 ఏప్రిల్ 24న పీట్ హామ్ ప్రాణం తీసుకున్నాడు. ఇంకో మూడు రోజులైతే 28 నిండేవి. ఇంట్లో సహచరి నిండు గర్భిణి. చివరి ఉత్తరంలో పోలీ పేరు రాసి తిట్టాడు. 1983లో బ్యాండ్‌లోని టామ్ ఇవాన్స్ కూడా అలాగే పోయాడు. అప్పటికి గొడవ ‘వితౌట్ యూ’ రాయల్టీల మీద. ఇద్దరూ కలిసి రాసిన ఆ పాట 1972లో హ్యారీ నిల్సన్ పాడితే అమెరికాలో నంబర్ వన్, 1994లో మరయా కేరీ పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్. పోలీ మాత్రం 1991లో కాలిఫోర్నియాలో వేరొకరి సొమ్ము కాజేసిన కేసులో అభియోగాలను ఎదిరించకుండా తలవంచాడు, 2009 దాకా బతికాడు.

కోట్లు సంపాదించే పాటను కొనే కంపెనీకి, దాన్ని రాసినవాడి బ్యాంకు ఖాతా తెలుసుకోవడం అంత కష్టమా? కష్టం కాదు, అవసరం లేదు. ఒక్క సంతకం, ఒక్క చెక్కు, ఒక్క రసీదు. చెల్లించేవాడికి అదే సుఖం. ఆ సుఖం ఉన్నచోటల్లా ఒక పోలీ పుడతాడు.

ఇప్పుడు మన ఊళ్లకు రండి. చిత్తూరు పల్లెల్లో భారతం ఉత్సవాలంటే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బయానా ఇచ్చేది ఒక్కరికే, ఆఖరి రోజు లెక్క తేల్చేది ఆ ఒక్కరితోనే. జాతర అయిపోయిన తెల్లారి మేళం నాయకుడు జేబులోంచి కట్ట తీసి, వేలు తడిచేసుకుని నోట్లు లెక్కపెట్టి పంచుతుంటే, ఎంతకు కుదిరిందని డోలు వాయించినవాడు అడగడు. “నువ్వే చూసుకోన్నా” అంటాడు. అడిగితే వచ్చే జాతరకు పిలుపు ఉండదు. చందాల పుస్తకంలో 116 రూపాయలు ఇచ్చినాయన పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది, మైకులో రెండుసార్లు చదువుతారు కూడా. రాత్రంతా కీచకుడి వేషం కట్టినవాడికి ఎంత ముట్టిందో ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ ఉండదు. కాలేజీ ఫెస్టుల్లో వాయించే కుర్రాళ్ల బ్యాండ్లదీ ఇదే వరస, నాయకుడి స్థానంలో ఈవెంట్ మేనేజర్ ఉంటాడు, అంతే.

నాయకులంతా పోలీలని నేననడం లేదు. వ్యాన్‌కు డీజిల్ పోయించేదీ, సీజన్ లేనప్పుడు అప్పిచ్చి ఆదుకునేదీ ఆయనే. ఆయన లేకపోతే బుకింగే రాదంటారు, నిజమే. అందుకు కమిషన్ తీసుకోమనండి, ఎవరొద్దన్నారు? పదిమంది కూలి ఆయన జేబులోంచే ఎందుకు రావాలన్నదే ప్రశ్న.

నిజానికి ఇది సంగీతానికి సంబంధించిన జబ్బు మాత్రమే కాదు. ఆఫీసులు ఊడ్చే మనిషి జీతం ఏజెన్సీ ఖాతాలోకి పోయి, అక్కడ కోతలు పడి, నెలాఖరు దాటాక చేతికొచ్చే కథ మన రాష్ట్రంలో ప్రతి ఊరికీ తెలుసు. ఏజెన్సీల కమిషన్లు, కోతలు ఆపడానికే అని 2020లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థను పెట్టారు. దాని మంచిచెడ్డల మీద ఎన్ని వాదనలున్నా, మధ్యలో ఉన్న ఖాతా పక్కకు జరగాలన్న ఆలోచన సరైనది. పాటల విషయంలో చట్టం అంతకంటే ముందే మేలుకుంది. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, థియేటర్లో సినిమాతో పాటు కాకుండా పాటను మరోలా వాడుకుంటే వచ్చే రాయల్టీని నిర్మాతకు వదిలేస్తున్నామని ఆ పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు సంతకం పెట్టినా అది చెల్లదు. ఆకలి మీద ఉన్నవాడు ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడని గ్రహించి రాసిన చట్టం అది. హామ్ కాలంలో అలాంటిది ఉండి ఉంటే! మన మేళగాళ్లకు మాత్రం ఆ పాటి రక్షణ కూడా లేదు. వాళ్లకు రాయల్టీ ఉండదు, ఆ రాత్రి కూలే ఉంటుంది.

“పన్నెండు మందికి విడివిడిగా డబ్బులు వేయడం తలనొప్పి సార్” అంటాయి కమిటీలు. క్యూఆర్ కోడ్ బోర్డు తగిలించి ఊరూరా చందాలు దండుకున్నప్పుడు రాని తలనొప్పి ఇప్పుడెందుకొస్తుంది? ఈసారి మేళం కుదుర్చుకునేటప్పుడు నాయకుడి పేరు కింద మిగతావాళ్ల పేర్లు, ఫోన్‌పే నంబర్లు రాయించుకోండి. నాయకుడి కమిషన్ ఎంతో అదే కాగితం మీద వేయండి, ఆయనకూ మర్యాదే. ఆ కాగితం ఫొటో తీసి పన్నెండు మందికీ వాట్సాప్‌లో పెట్టండి.