ఆన్సర్లు రాసిచ్చేయండి మేడమ్!

సాయంత్రం ఐదు దాటితే గాజువాకలో మా ముందు గది నిండా ట్యూషన్ పిల్లలే. అందులో నలుగురికి వచ్చే నెల ఇంగ్లీష్ ఓరల్ పరీక్ష. పిల్లలకేం భయం లేదు, టెన్షనంతా ఇంట్లోవాళ్లది. "ఆన్సర్లు రాసిచ్చేయండి మేడమ్, బట్టీ పట్టించేస్తాం" అని రోజుకొకరైనా అడుగుతారు. పోయిన వారం ఒకాయన 40 ప్రశ్నలు, 40 జవాబులు టైప్ చేయించి తెచ్చారు. లామినేషన్ కూడానూ!

అది బట్టీ పట్టిన వాళ్లబ్బాయిని "హౌ డిడ్ యూ కమ్ టుడే?" అని అడిగాను. "ఐ యామ్ ఫైన్, థాంక్యూ మేడమ్" అనేశాడు గుక్క తిప్పుకోకుండా. రెండో తరగతి పిల్లాడు, వాడినేం అంటాం? 'హౌ' చెవిన పడగానే ఒకటో నంబరు జవాబు వచ్చేసింది. అప్పజెప్పడం నేర్పాం గానీ వినడం నేర్పలేదు.

అసలు అక్కడ ఏం అడుగుతారో చూశారా ఎవరైనా? కేంబ్రిడ్జ్ వాళ్లు చిన్నపిల్లలకు పెట్టే మొదటి మెట్టు ఇంగ్లీష్ పరీక్ష, స్టార్టర్స్‌నే తీసుకోండి. మాట్లాడే పరీక్ష 3 నుంచి 5 నిమిషాలు. బొమ్మ చూపించి ఫలానాది ఎక్కడుందో వేలు పెట్టమంటారు, చిన్న కార్డు ఇచ్చి చెప్పిన చోట పెట్టమంటారు. చాలావాటికి ఒక్క మాటలో జవాబు చాలు. పాస్, ఫెయిల్ లేవు, సర్టిఫికెట్ మీద షీల్డు బొమ్మలు వేసి ఇస్తారు. దీనికా లామినేషన్? రెండు మెట్లు పైనున్న ఫ్లయర్స్‌లో అయితే పిల్లలే ఎగ్జామినర్‌ని ప్రశ్నలు అడగాలి. క్లాసులో ప్రశ్న అడిగితే "నోర్మూసుకుని కూర్చో" అనిపించుకునే పిల్లలు అక్కడ నోరెలా తెరుస్తారు?

ఇక యాక్సెంట్ గోల. ఎగ్‌ని 'యెగ్' అంటున్నాడని, ఓల్డ్‌ని 'వోల్డ్' అంటోందని ఫిర్యాదులు. తెలుగు నాలుక కదండీ, మాట మొదట్లో ఎ, ఒ వస్తే అలాగే తిరుగుతుంది. అర్థమవుతోందిగా, వదిలేయండి. నాకు బెంగ 'టేబుల్ ఆన్' దగ్గర. మనకు 'మీద' బల్ల తర్వాత వస్తుంది, వాళ్లకు ముందొస్తుంది. గ్రామర్ చెబితే ఏడేళ్ల పిల్లలకు ఎక్కదు. అందుకే కింద కూర్చోబెట్టి గరిటె, స్టీలు గ్లాసు, ఉల్లిపాయ ముందు పెట్టి "పుట్ ది ఆనియన్ అండర్ ది ప్లేట్" అంటూ ఆడిస్తాను. పది రోజుల్లో దారిలో పడ్డారు. ఉల్లిపాయలు నలిగిపోతున్నాయని మా అత్తగారి గొణుగుడు వేరే.

బొమ్మలకు పుస్తకాలు కొననక్కర్లేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర తీసుకున్న ఫోటో ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. వెనకాల ఎవరున్నారు, ఏ రంగు చొక్కా, ఏం తింటున్నారు అని అడగండి. "మురీ మిక్చర్‌ని ఇంగ్లీష్‌లో ఏమంటారు మేడమ్?" అని ఒకావిడ కంగారుపడింది. మురీ మిక్చరే అంటారమ్మా.

నేను బట్టీ పట్టించే వాక్యం ఒక్కటే: "సారీ, కెన్ యూ సే దట్ అగైన్?" నిన్న ఆ లామినేషన్ బాబుని వాళ్ల తమ్ముడి పేరు అడిగాను. ఆటో హారన్‌లో వినపడలేదు కాబోలు, నా కళ్లలోకి చూసి ఆ వాక్యం చక్కగా అన్నాడు. నేను చప్పట్లు కొట్టేలోపే గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్న వాళ్ల నాన్న ముఖం మాడిపోయింది.

"అదేంట్రా, అది 27వ నంబరు కదా!"